ఎంటర్ కొడితే ఫోకస్ వరస తప్పుతోంది: విన్‌ఫారమ్స్ ఎంట్రీ స్క్రీన్‌లో సరిచేయడం ఎలా?

తుంగభద్ర_డెవ్ (కర్నూలు)

కర్నూలు యార్డులో ఒక ఉల్లి మండీకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. సీ షార్ప్, విన్‌ఫారమ్స్ (విండోస్ స్క్రీన్లు తయారుచేసే పద్ధతి), డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8. లోడ్లు వరసగా దిగే రోజుల్లో గుమాస్తా కుడిచేయి నంబర్ ప్యాడ్ మీద నుంచి కదలదు, మౌస్ ముట్టుకోడు. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసి అలవాటైన చేతులు కాబట్టి ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోవాలి.

స్క్రీన్ ఇలా ఉంది. పైన చీటీ నంబరు, తేదీ. దాని కింద గ్రూప్‌బాక్సులో రైతు పేరు, ఊరు, ఫోను. మధ్యలో డేటాగ్రిడ్‌వ్యూ, అంటే పట్టిక (గ్రిడ్): రకం, బస్తాలు, తూకం, ధర, మొత్తం. ఆ కింద చెల్లింపుకు రెండు రేడియో బటన్లు, నగదు, బ్యాంకు ఖాతా. తర్వాత హమాలీ. చివర సేవ్, ప్రింట్, రద్దు.

ఇబ్బందులు ఇవి. తండ్రి పేరు గడి తర్వాత చేర్చాను, అన్నీ అయ్యాక గానీ ఫోకస్ (కీబోర్డ్‌తో కొట్టింది పడే చోటు) అక్కడికి రాదు. ఫారమ్ మొత్తానికి ట్యాబ్‌ఇండెక్స్ (ట్యాబ్ కొడితే ఏ గడి ఎన్నోదో చెప్పే నంబరు) 1 నుంచి 20 దాకా వరసగా ఇచ్చినా తేదీ నుంచి నేరుగా గ్రిడ్‌లోకి దుంకుతుంది. ప్రతి టెక్స్ట్‌బాక్స్ కీడౌన్‌లో ఎంటర్ వస్తే సెండ్‌కీస్‌తో (కీ నొక్కినట్టు పంపే కోడ్) ట్యాబ్ పంపుతున్నాను, కొట్టినప్పుడల్లా డింగ్ అని శబ్దం. గ్రిడ్‌లో ఎంటర్ కొడితే పక్క గడికి పోకుండా కింది వరసకు పోతుంది. ఫోను 10 అంకెలు లేకపోతే వ్యాలిడేటింగ్‌లో (గడి వదిలేటప్పుడు విలువ సరిచూసే ఈవెంట్) ఆపుతున్నాను, అప్పుడు రద్దు బటన్ కూడా పనిచేయదు. కాటా నుంచి తూకం వచ్చినప్పుడు చిన్న విండో తెరుచుకుని ఫోకస్ లాగేసుకుంటుంది.

ఇదే స్క్రీన్ బ్రౌజర్‌లో కూడా కావాలంటున్నారు. అక్కడ ముందే జాగ్రత్తపడాల్సినవి ఉంటే చెప్పండి.

---

అనంత_ఫారమ్స్ (అనంతపురం)

మీ మొదటి రెండు ఇబ్బందులకూ కారణం ఒకటే అన్నా. ట్యాబ్‌ఇండెక్స్ అనేది ఫారమ్ మొత్తానికి ఒకే వరస కాదు, ఏ కంటైనర్‌కు (గడులను పట్టుకునే పెట్టెకు) ఆ కంటైనర్ లోపలి వరస. గ్రూప్‌బాక్సులోని గడికి 3 ఇచ్చినా 300 ఇచ్చినా అది ఆ పెట్టె లోపల పోటీ పడేదే. పెట్టె ఎప్పుడు రావాలన్నది పెట్టె సొంత ట్యాబ్‌ఇండెక్స్ చెబుతుంది. మీ గ్రూప్‌బాక్సు నంబరు గ్రిడ్ నంబరు కన్నా పెద్దదిగా మిగిలిపోయి ఉంటుంది, అందుకే తేదీ తర్వాత గ్రిడ్ వస్తోంది. తండ్రి పేరు సంగతి కూడా అంతే: డిజైనర్‌లో కొత్త కంట్రోల్ పెడితే ఆ కంటైనర్‌లో అన్నిటికన్నా చివరి నంబరు పడుతుంది. దాన్ని స్క్రీన్ మీద ఎక్కడికి జరిపినా నంబరు మారదు. కాపీ పేస్ట్ చేసిన గడులకూ ఇదే గతి. టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్ వాడినా అడ్డవరస, నిలువువరసలను బట్టి ఫోకస్ నడవదు, నంబర్లను బట్టే నడుస్తుంది.

ప్రాపర్టీస్ కిటికీలో ఒక్కొక్కటి దిద్దుతూ కూర్చోవద్దు. విజువల్ స్టూడియోలో ఫారమ్ తెరిచి వ్యూ మెనూలో ట్యాబ్ ఆర్డర్ నొక్కండి. ప్రతి కంట్రోల్ మీదా నంబరు కనిపిస్తుంది. పెట్టె లోపలివి 2.0, 2.1 అని చుక్కతో వస్తాయి. ముందు అసలు కాగితం చీటీ మీద గుమాస్తా ఏ వరసలో రాస్తాడో చూడండి, అదే వరసలో లేబుళ్లతో సహా ఒక్కొక్కటి క్లిక్ చేస్తూ పోండి. ఎస్కేప్ నొక్కితే ఆ వ్యూ పోతుంది. లేబుల్‌కు ఫోకస్ రాదు కదా అని దాన్ని వదిలేయకండి, దాని నంబరుకూ పని ఉంది. చీటీ నంబరు ఆటోమేటిక్‌గా వచ్చేదైతే రీడ్‌ఓన్లీ పెట్టినంత మాత్రాన చాలదు, రీడ్‌ఓన్లీ గడి దగ్గర కూడా ట్యాబ్ ఆగుతుంది. ట్యాబ్‌స్టాప్ ఫాల్స్ చేయండి.

ఇక ఎంటర్. ప్రతి గడి కీడౌన్‌లో సెండ్‌కీస్ రాయడం తీసేయండి. సెండ్‌కీస్ ఆ క్షణంలో ఏ విండోకు ఫోకస్ ఉంటే దానికి పోతుంది, మధ్యలో మెసేజ్‌బాక్స్ తెరుచుకుంటే ట్యాబ్ దాంట్లో పడుతుంది. డింగ్ శబ్దం ఎందుకంటే ఒక్క వరస టెక్స్ట్‌బాక్స్‌కు ఎంటర్‌తో చేసే పని లేదు, మీరు కీడౌన్‌లో పట్టుకున్నా ఆ అక్షరం లోపలికి చేరుతూనే ఉంది. ఫారమ్ స్థాయిలో ప్రాసెస్‌డైలాగ్‌కీ అనే ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేస్తే (దాని చోట మన కోడ్ రాస్తే) రెండూ పోతాయి. లోపల ఇంతే రాయాలి: వచ్చిన కీ సరిగ్గా ఎంటర్ అయి, యాక్టివ్‌కంట్రోల్ బటన్ కాకపోతే, సెలెక్ట్‌నెక్స్ట్‌కంట్రోల్‌ను యాక్టివ్‌కంట్రోల్‌తో, మిగతా నాలుగు ఆర్గ్యుమెంట్లూ ట్రూగా పిలిచి ట్రూ రిటర్న్ చేయాలి. షిఫ్ట్‌తో కలిసి ఎంటర్ వస్తే రెండో ఆర్గ్యుమెంట్ ఫాల్స్, అప్పుడు వెనక్కి నడుస్తుంది. మిగతా కీలన్నీ బేస్‌కు వదిలేయండి.

ప్రాసెస్‌సీఎండీకీ కాకుండా ప్రాసెస్‌డైలాగ్‌కీ అని చెప్పడానికి కారణం ఉంది. మొదటిది ప్రతి కీనీ ముందే లాక్కుంటుంది. రెండోది ఆ కంట్రోల్‌కు ఆ కీ అక్కర్లేనప్పుడే పిలవబడుతుంది. ఊరు గడి కాంబోబాక్స్ అయి, జాబితా తెరిచి గుమాస్తా కోడుమూరు మీద ఎంటర్ కొడితే, జాబితా మూసుకుని ఊరు ఖాయం కావాలి. ప్రాసెస్‌డైలాగ్‌కీ అయితే ఆ ఎంటర్ కాంబోబాక్స్‌కే పోతుంది, తర్వాతి ఎంటర్‌కు ఫోకస్ కదులుతుంది. యాక్సెప్ట్స్‌రిటర్న్ ట్రూ ఉన్న మల్టీలైన్ రిమార్కుల గడిలో కూడా కొత్త వరస మామూలుగానే వస్తుంది. నంబర్ ప్యాడ్ ఎంటర్‌కు వేరే కోడ్ అక్కర్లేదు, విన్‌ఫారమ్స్‌కు రెండూ ఒకే కీ.

రేడియో బటన్ల దగ్గర ఒక మెలిక. ఒక గుంపులో ఎంపికైన బటన్ దగ్గరే ట్యాబ్ ఆగుతుంది, మిగతా వాటికి బాణం కీలు. అది సరైన పద్ధతే, చెడగొట్టొద్దు. కానీ ట్యాబ్ కీ కాకుండా కోడ్ ద్వారా ఫోకస్ వస్తే రేడియో బటన్ తనంతట తాను ఎంపికైపోతుంది. ఏదీ ఎంచుకోకుండా ఖాళీగా పెట్టి, ఎంటర్ మీద నడిపిస్తే గుమాస్తా చూడకుండానే మొదటిది పడిపోతుంది. నగదు ముందే ఎంపికై ఉండేలా పెట్టండి. చెల్లింపు గుంపును సొంత ప్యానెల్‌లో ఉంచండి, రేపు ఇంకో జత రేడియో బటన్లు చేర్చినప్పుడు రెండూ కలిసి ఒకే గుంపు కాకుండా ఉంటుంది.

వ్యాలిడేటింగ్: అందులో క్యాన్సిల్ ట్రూ చేస్తే ఫోకస్ బయటికి పోనివ్వదు, అది దాని స్వభావం. రద్దు బటన్ కాజెస్‌వ్యాలిడేషన్‌ను ఫాల్స్ చేస్తే అది పనిచేస్తుంది. కానీ నా అభిప్రాయంలో ఎంట్రీ స్క్రీన్‌లో ఫోకస్‌ను బంధించడమే తప్పు. రైతు ఫోను తేలేదు, లేదా నంబరు కొడుకు దగ్గరుంది. గుమాస్తా ముందుకు పోయి తూకాలు కొట్టుకుని తర్వాత వెనక్కి రావాలి. ఫారమ్ ఆటోవ్యాలిడేట్‌ను ఎనేబుల్‌అలౌఫోకస్‌ఛేంజ్‌గా పెట్టండి, తప్పు పక్కన ఎర్రర్‌ప్రొవైడర్ గుర్తు చూపండి, సేవ్ దగ్గర వ్యాలిడేట్‌చిల్డ్రన్ పిలిచి ఫాల్స్ వస్తే ఆపండి. ఆపినప్పుడు మొదటి తప్పు గడికి ఫోకస్ పంపండి.

---

ఎర్రగుంట్ల_గ్రిడ్ (కడప జిల్లా)

గ్రిడ్ గురించి నేను చెప్తాను, అది ఫారమ్ ఓవర్‌రైడ్‌కు లొంగదు. ఎంటర్‌ను గ్రిడ్ తానే వాడుకుంటుంది కాబట్టి ఆ కీ ఫారమ్ దాకా రాదు. డేటాగ్రిడ్‌వ్యూ నుంచి ఒక సొంత క్లాస్ తీసుకుని రెండు చోట్ల ఓవర్‌రైడ్ చేయాలి. గడిలో టైప్ చేస్తున్నప్పుడు కీ ప్రాసెస్‌డైలాగ్‌కీకి వస్తుంది. టైప్ చేయకుండా గడి మీద నిలబడి ఉన్నప్పుడు ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీకి వస్తుంది. ఒక్కదాన్నే రాసినవాళ్లకు ఎంటర్ ఒకసారి పక్కకు, ఒకసారి కిందికి పోతూ ఉంటుంది.

రెండింటిలోనూ ఎంటర్ వస్తే ప్రాసెస్‌ట్యాబ్‌కీని పిలిస్తే పని నడుస్తుంది, కానీ మీ 'మొత్తం' అనే కాలమ్ రీడ్‌ఓన్లీ. ట్యాబ్ అక్కడా ఆగుతుంది. దాన్ని దాటించడానికి చాలామంది సెల్‌ఎంటర్ ఈవెంట్‌లో కరెంట్‌సెల్ మారుస్తారు. వెంటనే రీఎంట్రెంట్ కాల్ అని ఎక్సెప్షన్ వస్తుంది, ఎందుకంటే గ్రిడ్ ఇంకా పాత కదలిక ముగించలేదు. అందుకని తర్వాతి గడి ఏదో ఆ కీ ఓవర్‌రైడ్‌లోనే మీరే లెక్కగట్టండి: ధర గడి అయితే కింది వరస రకం గడి, లేకపోతే డిస్‌ప్లేఇండెక్స్ ప్రకారం పక్కన కనిపించే, రాయదగిన గడి. కాలమ్ ఇండెక్స్ చూడొద్దు, కాలమ్‌లు జరిపితే రెండూ వేరవుతాయి.

గ్రిడ్ నుంచి బయటపడే దారి కూడా అక్కడే పెట్టాలి. కొత్త ఖాళీ వరసలో రకం గడి ఖాళీగా ఉండగా ఎంటర్ కొడితే సరుకు అయిపోయిందని అర్థం, అప్పుడు ఫోకస్ చెల్లింపుకు పోవాలి. ఈ దారి లేకపోతే ఎంటర్ కొట్టేకొద్దీ గుమాస్తా గ్రిడ్‌లోనే తిరుగుతుంటాడు. స్టాండర్డ్‌ట్యాబ్ ఫాల్స్‌గా ఉంటే ట్యాబ్ గడి గడికీ పోతుంది, కంట్రోల్ ట్యాబ్ బయటికి తెస్తుంది. ట్రూ అయితే ట్యాబ్ నేరుగా బయటికే. మీకు ఎంటర్ లోపల నడిపిస్తోంది కాబట్టి స్టాండర్డ్‌ట్యాబ్ ట్రూ పెట్టుకోవడం మేలు: ఎంటర్ లోపల, ట్యాబ్ బయటికి. షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి, రైతు వివరాలకు.

కాటా విండో తీసేయండి. తూకం వచ్చిందని చెప్పడానికి విండో అక్కర్లేదు, గ్రిడ్ పైన పెద్ద అక్షరాల లేబుల్ చాలు. సీరియల్‌పోర్ట్ డేటారిసీవ్డ్ వేరే థ్రెడ్ మీద వస్తుంది, బిగిన్‌ఇన్వోక్‌తో లేబుల్ దిద్దండి. తూకం నిలకడగా ఉన్నాక గుమాస్తా ఎఫ్6 నొక్కితే ఆ విలువ ప్రస్తుత వరస తూకం గడిలో పడాలి. తనంతట తాను పడేలా పెట్టకండి. కాటా మీద బస్తా ఇంకా ఊగుతున్నప్పుడు, లేదా గుమాస్తా ధర గడిలో ఉన్నప్పుడు విలువ వచ్చి పడితే ఆ చీటీ మొత్తం తప్పు. విండో తప్పనిసరి అంటే ఆ ఫారమ్‌లో షోవితౌట్‌యాక్టివేషన్‌ను ఓవర్‌రైడ్ చేసి ట్రూ ఇవ్వండి, టాప్‌మోస్ట్ ప్రాపర్టీ మాత్రం దానికి పెట్టొద్దు. పెడితే మళ్లీ ఫోకస్ తీసుకుంటుంది.

---

తుంగభద్ర_డెవ్ (కర్నూలు)

గ్రూప్‌బాక్సు నంబరు దిద్దగానే వరస కుదిరింది, ప్రాసెస్‌డైలాగ్‌కీతో డింగ్ పోయింది. ఇంకో రెండు మిగిలాయి. రైతు వివరాలను వేరే స్క్రీన్‌లోనూ వాడదామని యూజర్‌కంట్రోల్‌గా మార్చాను. అప్పటినుంచి రైతు పేరులో ఎంటర్ కొడితే ఊరికి పోకుండా గ్రిడ్‌కు పోతోంది, ట్యాబ్ మాత్రం సరిగ్గా నడుస్తోంది. రెండోది, సేవ్ నొక్కాక రెండుసార్లు సేవ్ కాకుండా ఆ బటన్‌ను డిసేబుల్ చేస్తున్నాను, ఫోకస్ ప్రింట్ మీదికి పోతోంది. మళ్లీ ఎంటర్ కొడితే ప్రింట్ అయిపోతోంది.

---

అనంత_ఫారమ్స్ (అనంతపురం)

గ్రూప్‌బాక్సు, ప్యానెల్ ఉత్త పెట్టెలు. యూజర్‌కంట్రోల్ అలా కాదు, అది తన లోపలి ఫోకస్‌ను తానే చూసుకునే కంటైనర్‌కంట్రోల్. అందుకని ఫారమ్ యాక్టివ్‌కంట్రోల్ అడిగితే రైతు పేరు గడి రాదు, యూజర్‌కంట్రోల్ మొత్తం వస్తుంది. దాని తర్వాతిది ఏదంటే గ్రిడ్. ట్యాబ్ ఎందుకు సరిగ్గా నడుస్తోందంటే ట్యాబ్‌ను యూజర్‌కంట్రోల్ తన ప్రాసెస్‌డైలాగ్‌కీలో ముందే పట్టుకుంటుంది. కాబట్టి అదే ఓవర్‌రైడ్ యూజర్‌కంట్రోల్‌లో కూడా రాయండి. ఒకే తేడా, చివరి ఆర్గ్యుమెంట్ ఫాల్స్ పెట్టండి. లేకపోతే ఫోను నుంచి మళ్లీ రైతు పేరుకు చుట్టుకుంటుంది. లోపల తర్వాతి గడి లేక ఫాల్స్ వస్తే బేస్‌కు వదలండి, కీ ఫారమ్‌కు చేరి గ్రిడ్‌కు పోతుంది. స్ప్లిట్‌కంటైనర్ వాడినా ఇదే లెక్క.

సేవ్ సంగతి: ఫోకస్ ఉన్న కంట్రోల్‌ను డిసేబుల్ చేస్తే విన్‌ఫారమ్స్ ఫోకస్‌ను తర్వాతి దానికి నెడుతుంది. డిసేబుల్ చేసే వరసకు ముందే మీరు వెళ్లాల్సిన చోటికి సెలెక్ట్ పిలవండి, కొత్త చీటీలో రైతు పేరుకు. రెండుసార్లు సేవ్ కాకుండా ఆపడానికి ఒక బూలియన్ చాలు, బటన్ ఆర్పాల్సిన పనే లేదు.

సేవ్ అయిందని మెసేజ్‌బాక్స్ చూపిస్తుంటే అదీ తీసి కింద స్టేటస్‌స్ట్రిప్‌లో రాయండి. వేగంగా కొట్టే గుమాస్తా తర్వాతి చీటీ అంకెలు ఆ డబ్బాలోకి పోయి మాయమవుతాయి. చీటీ తొలగించేటప్పుడు మాత్రం డబ్బా ఉండాలి, అందులో డిఫాల్ట్ రెండో బటన్, అంటే వద్దు అన్నది కావాలి. అవును, కాదు అని రెండే బటన్లున్న మెసేజ్‌బాక్స్‌లో ఎస్కేప్ పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోండి. ఎస్కేప్ కావాలంటే రద్దు ఉన్న రకం వాడాలి.

ఫారమ్ తెరవగానే రైతు పేరు మీద ఫోకస్ కావాలంటే లోడ్‌లో ఫోకస్ పిలిస్తే పనిచేయదు, అప్పటికి గడి ఇంకా కనిపించదు. షోన్ ఈవెంట్‌లో పిలవండి. లీవ్, వ్యాలిడేటింగ్ లాంటి ఫోకస్ ఈవెంట్ల లోపల నుంచి నేరుగా ఫోకస్ మార్చొద్దు, ప్రోగ్రామ్ స్తంభించే ప్రమాదం ఉంది. తప్పదంటే బిగిన్‌ఇన్వోక్‌లో పెట్టండి.

ఫోకస్ ఎక్కడికి పోయిందో కనిపించక తికమకగా ఉంటే తయారీ దశలో ఒక టైమర్ పెట్టి, 200 మిల్లీసెకన్లకోసారి యాక్టివ్‌కంట్రోల్ పేరును టైటిల్ బార్‌లో రాయించండి. యూజర్‌కంట్రోల్ అయితే లోపలి యాక్టివ్‌కంట్రోల్ దాకా దిగాలి. కనిపించని ట్యాబ్‌పేజీలు, సున్నా వెడల్పు గడులు అన్నీ బయటపడతాయి.

---

చెవితో_చదువు (అనంతపురం)

లేబుల్ నంబరుకు పని ఉందని పైన అన్నారు, ఆ పని ఏమిటో చెప్తాను. విన్‌ఫారమ్స్‌లో టెక్స్ట్‌బాక్స్‌కు వేరే పేరు ఇవ్వకపోతే ట్యాబ్ వరసలో దానికి సరిగ్గా ముందున్న లేబులే దాని పేరవుతుంది. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) చదివేది ఆ పేరే. లేబుళ్ల వరస తప్పితే ధర గడి మీద నిలబడితే ఫోను అని వినిపిస్తుంది. చూపు లేని గుమాస్తాకు ఆ స్క్రీన్ పనికిరాదు, అది కంటికి కనిపించే తప్పు కాదు కాబట్టి తయారుచేసినవాళ్లకు తెలియదు కూడా. ఎన్‌వీడీఏ ఉచితం, దించుకుని స్క్రీన్ ఆపి ఒక చీటీ మొదటినుంచి చివరిదాకా కొట్టి చూడండి. లేబుల్ లేని గడులకు యాక్సెసిబుల్‌నేమ్ తెలుగులో రాయండి.

ఆల్ట్ అక్షరం షార్ట్‌కట్‌లు కూడా లేబుల్ వరస మీదే నడుస్తాయి. లేబుల్‌లో యాంపర్‌సాండ్ పెట్టిన అక్షరాన్ని ఆల్ట్‌తో నొక్కితే ఫోకస్ దాని తర్వాతి గడికి పోతుంది. తెలుగు లేబుళ్లతో రెండు చిక్కులు. ఒత్తులు, గుణింతాలు ఉన్న చోట గీత వికారంగా పడుతుంది. రెండోది, షార్ట్‌కట్ కీని బట్టి కాక అక్షరాన్ని బట్టి పోలుస్తారు. రైతు పేరు కోసం ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌కు మారిన గుమాస్తా మళ్లీ ఇంగ్లీషుకు మారకపోతే ఇంగ్లీషు అక్షరంతో పెట్టిన ఆల్ట్ షార్ట్‌కట్‌లు పలకవు. ఫంక్షన్ కీలకు ఈ బాధ లేదు, ఏ లేఅవుట్‌లో ఉన్నా ఎఫ్2 ఎఫ్2నే. పేరు గడిలోకి రాగానే తెలుగుకు, బయటికి రాగానే ఇంగ్లీషుకు ఇన్‌పుట్‌లాంగ్వేజ్ మీరే మార్చేస్తే ఇంకా మంచిది.

ఫోకస్ కనిపించడం గురించి కూడా. మౌస్‌తో తెరిచిన విండోలో బటన్ చుట్టూ చుక్కల గీతను విండోస్ దాచి ఉంచుతుంది, కీబోర్డ్ వాడాకే చూపిస్తుంది. ఆ గీత సన్నం, యార్డు షెడ్డులో ఎండ వెలుతురు పడే మానిటర్ మీద అసలే కనిపించదు. ఎంటర్ ఈవెంట్‌లో (ఎంటర్ కీ కాదు, గడికి ఫోకస్ వచ్చినప్పటిది) గడి నేపథ్యం లేత పసుపు, లీవ్‌లో తిరిగి తెలుపు చేయండి. రంగొక్కటే నమ్ముకోకుండా బటన్లకు మందమైన అంచు కూడా ఇవ్వండి.

---

కడప_వెబ్ (కడప)

బ్రౌజర్ సంగతి. అక్కడ నంబర్లు వేయకండి. ట్యాబ్‌ఇండెక్స్‌కు 0, మైనస్ 1 రెండే వాడాలి: 0 అంటే వరసలో తన చోట ఉంటుంది, మైనస్ 1 అంటే కోడ్‌తో మాత్రమే ఫోకస్ వస్తుంది. 1, 2, 3 అని వేస్తే పేజీలో ఎక్కడున్నా అవి ముందు, మిగతావన్నీ ఆ తర్వాత. విన్‌ఫారమ్స్ నుంచి వచ్చినవాళ్లు ముందు చేసేది ఇదే. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో రాసిన వరసే ఫోకస్ వరస. సీఎస్‌ఎస్ ఫ్లెక్స్ ఆర్డర్‌తో గడులను అటూ ఇటూ జరిపినా కంటికి మారుతుంది గానీ ట్యాబ్‌కు మారదు.

బటన్‌కు నిజమైన బటన్ ట్యాగే వాడండి. డివ్‌కు క్లిక్ పెడితే ట్యాబ్ అక్కడ ఆగదు, స్పేస్ ఎంటర్ పనిచేయవు. అవుట్‌లైన్ నన్ అని రాయొద్దు. అందంగా లేదనిపిస్తే ఫోకస్ విజిబుల్ సెలెక్టర్‌లో 2 లేదా 3 పిక్సెళ్ల గీత మీకు నచ్చిన రంగులో ఇవ్వండి, నేపథ్యంతో 3:1 కాంట్రాస్ట్ ఉండాలి. పైన అతుక్కుని ఉండే హెడర్ కింద ఫోకస్ ఉన్న గడి దాక్కుంటుంది, స్క్రోల్ ప్యాడింగ్ టాప్‌కు హెడర్ ఎత్తు ఇవ్వండి. 2023లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2లో ఇది 2.4.11 నియమం. డైలాగ్‌కు డైలాగ్ ట్యాగ్, షోమోడల్ వాడితే వెనుక పేజీలోకి ఫోకస్ జారదు, ఎస్కేప్‌తో మూసుకుంటుంది, మూసినాక తెరిచిన బటన్ దగ్గరికే తిరిగొస్తుంది.

ఎంటర్ కొడితే తర్వాతి గడి అన్నది బ్రౌజర్‌లో అలవాటు కాదు, ఎంటర్ అంటే ఫారమ్ సబ్‌మిట్. మండీ గుమాస్తాలకు కావాలి కాబట్టి రాయండి, కానీ మామూలు జనం వాడే పేజీలో పెట్టకండి. రాసేటప్పుడు ఈవెంట్ ఈజ్‌కంపోజింగ్ ట్రూ ఉందేమో చూసి వదిలేయండి. కొన్ని తెలుగు ఇన్‌పుట్ పద్ధతుల్లో సూచించిన పదాన్ని ఖాయం చేయడానికీ ఎంటరే కొడతారు, మీరు పట్టుకుంటే పేరు సగంలో ఉండగానే ఫోకస్ పోతుంది.

---

తుంగభద్ర_డెవ్ (కర్నూలు)

యూజర్‌కంట్రోల్‌లో చివరి ఆర్గ్యుమెంట్ ఫాల్స్ పెట్టాక ఎంటర్ కొడితే ఊరు గడికే పోతోంది, ఫోను తర్వాత గ్రిడ్‌కు వస్తోంది. లేబుళ్ల నంబర్లు కూడా దిద్దుతున్నాను. సేవ్‌కు ఎఫ్10 పెడదామనుకుంటున్నాను, ఏమైనా ఇబ్బందా?

---

ఎర్రగుంట్ల_గ్రిడ్ (కడప జిల్లా)

ఎఫ్10 వద్దు, విండోస్‌లో అది మెనూను లేపే కీ. ఎఫ్4 కూడా వద్దు, కాంబోబాక్స్ జాబితా తెరిచేది అదే. ఎఫ్2 గ్రిడ్‌లో గడి ఎడిట్‌కు. సేవ్‌కు ఎఫ్9, ప్రింట్‌కు ఎఫ్8 పెట్టుకుని బటన్ మీదే ఆ కీ పేరు రాయండి. ఇంకొకటి: ఎఫ్9 నొక్కినప్పుడు గ్రిడ్‌లో టైప్ చేస్తున్న గడి విలువ ఇంకా ఖాయం కాదు, ఫోకస్ కదల్లేదు కాబట్టి. సేవ్ కోడ్ మొదట్లోనే గ్రిడ్‌కు ఎండ్‌ఎడిట్ పిలవండి, గ్రిడ్ బైండింగ్‌సోర్స్ మీద ఉంటే దానికీ ఎండ్‌ఎడిట్. లేకపోతే చివరి వరస ధర పాత విలువతోనే సేవ్ అవుతుంది.